లింగన్న నిమ్మకాయను కాలువలో వేసిన రోజు

మీ ఆఫీసులో ఎవరి మాట చెల్లుతుంది? తలుపు మీద పేరున్న అధికారిదా, ఆ పేరుపలకను రోజూ తుడిచే మనిషిదా? తొందరపడి జవాబు చెప్పకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఎవరైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే ఛాతీ ముందుకు పెట్టి "నాదే" అనేవాణ్ణి. ఆ జవాబు తప్పని నాకు తెలియడానికి లింగన్న అనే లైన్‌మన్ చావు అంచుదాకా వెళ్లి రావలసి వచ్చింది. బతికి కిందికి దిగాక, నేను చేసిన తప్పుకు ఆయన నౌకరీ పోయేదాకా వచ్చింది. ఆ నౌకరీ నిలవాలంటే నేను ఒక కాగితం మీద ఒక నిజం రాయాలి. అంతే పని. దానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులకు ముందూ వెనకా జరిగినదే ఇక్కడ రాస్తున్నాను.

నేను కరెంటు శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. పుట్టింది నిజామాబాద్‌లో. మా అవ్వ బీడీలు చుట్టి చదివించింది. నాకు ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో రాస్తే మా ఆవిడ కూడా చదవదు, కనుక రాయను. కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలకు పనికివచ్చేది నా గొప్పల్లో ఏమీ లేదు. నా తప్పుల్లో కొంత ఉంది.

చెవి గోక్కునే మనిషి

చదువుకునే రోజుల్లో నిజామాబాద్‌లో మాకొక చర్చా బృందం ఉండేది. ప్రతి ఆదివారం కలిసి దేవుడు, దయ్యం, జాతకం, వాస్తు అన్నింటినీ ఉతికి ఆరేసేవాళ్లం. ఎదుటివాడు నోరు మూసుకుంటే మేం గెలిచినట్టు. ఎందుకు మూసుకున్నాడని అడిగే అలవాటు మాలో ఎవరికీ లేదు. ఆ శిక్షణతోనే నేను ఎడపల్లి, బోధన్‌ల మధ్య ఒక చిన్న సెక్షన్ ఆఫీసుకు ఇంజనీరుగా వెళ్లాను. ఆ ఆఫీసు పేరు చెప్పను. చుట్టూ చెరుకు, వరి. ఎటు చూసినా బోరు మోటర్లు. మోటరు నడవకపోతే రైతు మొదట తిట్టేది మమ్మల్నే. దేవుడి వంతు ఆ తర్వాత వచ్చేది. ఆ విషయంలో ఆ ఊళ్లు నాకు చాలా హేతుబద్ధంగా కనిపించాయి.

మొదటి రోజే మీటింగ్ పెట్టి, నేను స్వయంగా తయారుచేసిన డ్యూటీ చార్టును గోడకు అంటించాను.

"ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాను.

ఒక్కరూ నా వైపు చూడలేదు. మూల బల్ల మీద కూర్చుని చెవి గోక్కుంటున్న ఒక పెద్ద మనిషి వైపు చూశారు. ఆయనే లింగన్న. యాభై దాటిన వయసు, బక్క పలచటి ఒళ్లు, స్తంభాలెక్కి ఎక్కి కాయలు కాసిన అరికాళ్లు. ఆయన చెవి గోక్కోవడం ఆపాడు. వెంటనే అందరూ ఒక్క గొంతుతో "మంచిదే సార్" అన్నారు. నేను పొంగిపోయాను.

వారం తర్వాత తెలిసింది, నా చార్టు ప్రకారం ఒక్కడు కూడా డ్యూటీ చెయ్యడం లేదని. మా అటెండర్ గంగామణిని పిలిచి అడిగాను. ఆమె చీపురు పక్కన పెట్టి, నా అజ్ఞానానికి కొంచెం జాలిపడి చెప్పింది.

"చార్టు మంచిగనే ఉన్నది సారు. గని ఆ దినం లింగన్న ఎడమ చెవి గోకిండు గద. కుడి చెవి గోకితెనే జేసుడు."

ఆమె వేళాకోళానికి అన్నదో, నిజమే చెప్పిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

చార్టులో తప్పేమిటో మాత్రం తర్వాత తెలిసింది. నేను పేర్లను అక్షర క్రమంలో వేశాను. చూడటానికి ముచ్చటగా ఉంది. లింగన్న ఎవరి ఇల్లు ఏ లైనుకు దగ్గరో చూసి మనుషులను వేశాడు. వానకు తీగ తెగితే నా చార్టు మనిషి రావడానికి గంట పడుతుంది. లింగన్న చార్టు మనిషి లుంగీ మీదనే పరుగెత్తుకొస్తాడు. ఇది అర్థమయ్యాక కూడా నేను నా చార్టును గోడ మీంచి తీయలేదు. మూడేళ్లు అట్లాగే ఉంది. బల్లులు దాని వెనక కాపురం పెట్టాయి.

ఆ రోజుల్లో లింగన్న మీద నాకున్నది అసూయ. పేరుకు నేను ఆయనకు పై అధికారిని. పెత్తనం నియామక పత్రంతో పాటే కవరులో వస్తుంది. మాట చెల్లడం మాత్రం ఆ కవరులో ఉండదు. ఇతరులు ఇబ్బందిలో పడ్డప్పుడు మనం ఎక్కడున్నామో చూసి, జనమే కొంచెం కొంచెంగా ఇస్తారు. ఈ మాట నాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే వాళ్లతో కూడా వాదించేవాణ్ణి.

నా సంస్కరణలు

మాట చెల్లనివాడు చేసే పనే నేనూ చేశాను. సంస్కరణలు మొదలుపెట్టాను. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఇచ్చేముందు కొబ్బరికాయ కొట్టడం నిషేధించాను. సోమవారం సోమవారం మూఢనమ్మకాల మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. కొబ్బరికాయ ఆగిపోయిందని ఇంట్లో కూడా చెప్పుకున్నాను. ఆ కాలంలోనే టీతో పాటు నా బల్ల మీదికి అప్పుడప్పుడు పచ్చి కొబ్బరి ముక్కలు వచ్చేవి. బలానికి మంచిదని నమిలేవాణ్ణి. అవి ఎక్కడివో అడగాలని ఆరు నెలలు తోచలేదు.

ఆగనిది ఒకటే. లింగన్న నిమ్మకాయ.

ఇక్కడ మా వృత్తిలోని ఒక సంగతి చెప్పాలి. పొలాల్లోకి వెళ్లే పెద్ద లైనుకు పాయలు ఉంటాయి. పాయ మొదట్లో స్తంభం మీద ఏబీ స్విచ్ అనే పెద్ద స్విచ్ ఉంటుంది. కింద నిలబడి దాని ఇనుప హ్యాండిల్ దించితే ఆ పాయకు కరెంటు ఆగుతుంది, ఎత్తితే వస్తుంది. లైన్‌మన్ ఆ హ్యాండిల్ దించి, చెరుకుతోటల్లో కిలోమీటరు లోపలికి వెళ్లి స్తంభం ఎక్కుతాడు. అతను పైన ఉండగా ఇక్కడ ఎవరైనా హ్యాండిల్ ఎత్తితే అతను మళ్లీ దిగడు. అందుకే హ్యాండిల్‌కు తాళం వేసి, "మనుషులు పనిచేస్తున్నారు" అనే ఎర్ర బోర్డు తగిలించాలని రూలు.

లింగన్న మాత్రం ఆ హ్యాండిల్‌కు ఒక నిమ్మకాయ, అయిదు పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి కట్టేవాడు. నేనొకసారి పిలిచి నిలదీశాను. ఆమ్ల గుణాల నుంచి మొదలుపెట్టి దిష్టి అనే భావన పుట్టుక దాకా అరగంట మాట్లాడాను. లింగన్న అంతా విని, "ఉండనీయుండ్రి సారు" అని నోరు మూసుకున్నాడు. మా ఆదివారం లెక్క ప్రకారం నేను గెలిచాను.

కాలువ గట్టు మీద

అది ఎండాకాలం. మధ్యాహ్నం మోటార్‌సైకిల్ మీద కాలువ గట్టున వెళుతున్నాను. ఏబీ స్విచ్ దగ్గర ఏడెనిమిది మంది రైతులు గుమిగూడి ఉన్నారు. వాళ్లకు ముందు సాయిరెడ్డి. ఆయన చెరుకు రెండు రోజులుగా నీళ్లు లేక వాడిపోతోంది. అందరూ హ్యాండిల్‌కు నాలుగడుగుల దూరంలో ఆగి, దానికి వేలాడే నిమ్మకాయను చూస్తున్నారు.

"ఏమైంది సాయిరెడ్డీ?"

"కరెంట్ లేదు సారు. స్విచ్ దించి ఉన్నది. ఎత్తుదమంటే గది ఉన్నది" అని గడ్డంతో నిమ్మకాయను చూపాడు. చెయ్యి చూపడానికి కూడా భయం.

నాకు ఆవేశం వచ్చింది. చదువుకునే రోజుల నుంచి నేను ఎదురు చూస్తున్న సభ నా కళ్ల ముందు కాలువ గట్టు మీద తనంతట తానే కూడి ఉంది.

"మిత్రులారా!" అన్నాను. పొలం గట్టు మీద ఎవరూ ఎవరినీ అట్లా పిలవరు. వాళ్లు తమ వెనక ఇంకెవరో ఉన్నారేమోనని తిరిగి చూశారు. "ఈ పండులో పులుపు తప్ప మరే శక్తీ లేదు! మీ పంట ఎండుతుంటే ఒక కాయ మిమ్మల్ని ఆపుతోందా?"

"అయితే మీరు ముట్టుకోండ్రి సారు, సూస్తం" అన్నాడు సాయిరెడ్డి.

నేను దండను పట్టుకుని ఒక్క లాగు లాగి కాలువలో వేశాను. "పది దాకా లెక్కపెట్టండి" అన్నాను. అందరూ గొంతెత్తి లెక్కపెట్టారు. ఆరు దగ్గర ఒక ముసలమ్మ "పాపం, పిల్లలు గలోడో ఏమో" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పది అయింది.

"నేను చచ్చానా?"

"లేదు సారు!"

నలుగురు చప్పట్లు కూడా కొట్టారు. నేను మోటార్‌సైకిల్ ఎక్కి, సంఘ సంస్కర్తలు ఎక్కినంత ఠీవిగా బయలుదేరాను.

ఇప్పుడు నా తప్పు ఎక్కడుందో చూడండి. నేను ఇంజనీరును. దించి ఉన్న స్విచ్‌ను చూస్తే నేను అడగవలసిన మొదటి ప్రశ్న, ఎవరు దించారు, ఎందుకు దించారు అని. అది మా వృత్తిలో ఓనమాలు. నేను నిమ్మకాయను చూశాను. స్విచ్‌ను చూడలేదు.

రెండు వందల గజాలు వెళ్లానో లేదో, చెరుకుతోటల్లోంచి బాంబు పేలినట్టు చప్పుడు. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ పడిపోయి చుట్టుపక్కల మోటర్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నేను వెనక్కి తిరిగి వచ్చేసరికి సాయిరెడ్డి ఎత్తిన హ్యాండిల్‌ను పట్టుకుని అట్లాగే కొయ్యబారి ఉన్నాడు. నేను ఆయన చేతుల మీంచే హ్యాండిల్‌ను కిందికి గుంజాను.

పావుగంట తర్వాత చెరుకు ఆకులు కదిలాయి. లింగన్న బయటికి వచ్చాడు. ఒంటి నిండా చెమట, చొక్కా మీద నిప్పురవ్వలు పడిన చిల్లులు. స్తంభం ఎక్కేముందు తీగలను నేలకు కలుపుతూ ఒక ఇనుప గొలుసు వేసుకోవాలి. చాలామంది బద్ధకించి వేసుకోరు. ఆయన ఎప్పుడూ మరవడు. వచ్చిన కరెంటంతా ఆ గొలుసు మీదుగా భూమిలోకి పోయింది. ఆయన బతికాడు.

వచ్చి ముందు హ్యాండిల్ దించి ఉందా లేదా చూసుకున్నాడు. తర్వాత అడిగాడు.

"నా నిమ్మకాయ ఎవలు దీసిండ్రు?"

సాయిరెడ్డి నా వైపు చూపించాడు. ఈసారి చెయ్యి చూపడానికి భయపడలేదు. "సారే దీసిండు లింగన్నా. మాకు లెచ్చర్ గూడ ఇచ్చిండు."

"ఇస్తె ఇచ్చిండు తియ్. హ్యాండిల్ ఎవలు ఎత్తిండ్రు?"

"నేనే ఎత్తిన. దయ్యం లేదు గియ్యం లేదని సారు చెప్పె. లేకపాయె గదా అని ఎత్తిన."

"దయ్యం లేదు సాయన్నా" అన్నాడు లింగన్న. "నేనున్న. పైన."

బోర్డులు ఎటుపోయాయి

గట్టు మీద కూర్చుని, ఒక చెంబెడు నీళ్లు తాగి, లింగన్న నాకు ఆ రోజు ఒక పాఠం చెప్పాడు. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

"మొదలు ఎర్ర బోర్డే వెట్టిన సారు. వారం ఉంటె గొప్ప. ఒకలు తీస్కపోయి కోళ్లగూడుకు తలుపు జేసుకున్నరు. అడుగుతే, దాని మీద అపాయం అని రాసి ఉన్నది గద, పిల్లి గూడ వస్తలేదు లింగన్నా అన్నరు. తాళమేసిన. రాయితోని కొట్టిండ్రు. తాళం మంచిగనే ఉన్నది, హ్యాండిల్ వంకరవోయింది. మనోన్నొకన్ని కావలి వెట్టిన. వాడు చాయ్‌కు వోయిండు. ఇట్లగాదని ఒకనాడు నిమ్మకాయ గట్టిన. మనిషి గాదు సారు, మేక గూడ దగ్గరికి రాలె. ఇగ గప్పటిసంది గదే."

"అంటే నువ్వు నమ్మవా?"

"ఏం నమ్ముడు సారు! పనైనంక గా కాయనే పిండుకొని మజ్జిగల తాగుత. గంగామణి వాళ్లింట్ల చెట్టుది. మంచి రసముంటది. ఇయ్యాల గదీ లేకుంట జేసిండ్రు మీరు."

నేను ఏ విజ్ఞాన దృక్పథం గురించి ఉపన్యాసాలు ఇచ్చానో, దాన్ని ఆయన ఆచరించాడు. బోర్డు పెట్టి చూశాడు, తాళం వేసి చూశాడు, మనిషిని పెట్టి చూశాడు, ఫలితం చూసి ముందుకు పోయాడు. నేను ఒక్క ప్రయోగమూ చెయ్యలేదు. ఆయనను ఎందుకని అడగనే లేదు. వాదించాను, అంతే.

అయినా ఆయన చేసింది సరైన పద్ధతి అని నేను ఒప్పుకోను. భయం మీద నిలబెట్టిన కాపలా అందరూ భయపడినంత కాలమే పనిచేస్తుంది. భయం లేని మూర్ఖుడు ఒక్కడు వస్తే చాలు, కూలిపోతుంది. ఆ ఒక్కడు ఆ రోజు మోటార్‌సైకిల్ మీద వచ్చాడు.

గాలి వీచిన నాలుగు పేజీలు

విచారణకు మా పై అధికారి వచ్చారు. ఆయన జీపు బంపర్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు, నల్ల దారం. ఆయన ఆఫీసు గుమ్మానికి గుమ్మడికాయ. నా కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచారు.

"లైన్‌మన్ బోర్డు పెట్టలేదు. తాళం వెయ్యలేదు. నిమ్మకాయ కట్టిండు. ఏ రూల్‌లో ఉన్నదండీ నిమ్మకాయ?"

"మీ జీపుకు కూడా ఉంది కదా సార్" అన్నాను.

"అది నా భక్తి. ఇది వాని నిర్లక్ష్యం." ఆ తర్వాత గొంతు తగ్గించారు. "చూడండి. ఒకరిని సస్పెండ్ చెయ్యక తప్పదు. అతనికి ఇంక రెండేళ్ల సర్వీసు. మీకు ఎంతో భవిష్యత్తు ఉన్నది. మీ స్టేట్‌మెంట్‌ల ఎవరు తీసిండ్రు అన్నది రాయకండి. గాలికి పడిపోయిందని రాయండి."

"ఆ రోజు గాలి లేదు సార్."

"ఉన్నదని రాయండి."

నేను అక్కడే కాదని ఉంటే ఈ కథలో నేను మంచివాణ్ణి అయ్యేవాణ్ణి. అనలేదు. కాగితాలు తీసుకున్నాను. లింగన్న ఇంట్లో వచ్చే జీతం అదొక్కటే. ఆయన భార్య చూపు మందగించి బీడీలు చుట్టడం మానేసింది. రిటైరయ్యే ముందు సస్పెండైతే పింఛను కాగితాలు ఏ మూలన పడతాయో మా శాఖలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే, ఆ రాత పని మొదలుపెట్టాను. రెండు రోజుల్లో నాలుగు పేజీలు రాశాను. ఆ నాలుగు పేజీల్లో గాలి మూడుసార్లు వీచింది. నా చెయ్యి ఒక్కసారి కూడా రాలేదు.

ఒక విషయం నన్ను తికమక పెట్టింది. లింగన్న ఒక్క మాట అంటే చాలు, మా సెక్షన్‌లో ఒక్కడు స్తంభం ఎక్కడు. పై అధికారి కాళ్లబేరానికి వస్తారు. ఆయన ఆ మాట అనలేదు. నేనే వెళ్లి అడిగాను.

"నీకు నా మీద కోపం లేదా లింగన్నా?"

"ఎందుకుండదు సారు, మస్తున్నది. గని నేను గరమైతె మనోళ్లు పని బంద్ జేస్తరు. ఎండేది చెరుకు. చెరుకేం జేసింది?"

"మరి విచారణలో ఏం చెప్తావు?"

"బోర్డు వెట్టలేదు, నిమ్మకాయ గట్టిన. గదైతె నేను జేసిన, గది రాసిచ్చిన. తీసింది మీరు. అది మీరు రాసుకోవాలె. మీది గూడ నేనే రాస్తనా?"

ఎవరినీ బెదిరించకుండా, ఎవరినీ బతిమాలకుండా ఒక మనిషి తన వంతు తప్పు మాత్రమే మోస్తానని చెప్పడం నేను నా సర్వీసులో చూసింది అదే మొదటిసారి. నాయకత్వం గురించి తర్వాత మా శాఖవారు నన్ను మూడు శిక్షణ తరగతులకు పంపారు. వాటిలో నాకు గుర్తున్నది భోజనం.

కుర్చీలో పని నడుస్తోంది

మూడో రోజు పొద్దున ఆఫీసుకు వెళితే నా కుర్చీ చేతికి ఒక నిమ్మకాయ, అయిదు మిరపకాయలు వేలాడుతున్నాయి. గంగామణి ఏమీ ఎరగనట్టు కిటికీ తుడుస్తోంది.

"ఏంది గంగామణీ ఇది?"

"నిమ్మకాయ సారు."

"కనపడుతోంది. కుర్చీకి ఎందుకు?"

"కుర్చీల పని నడుస్తున్నది సారు. పనైనంక తీస్తం."

"ఏం పని?"

"గది మీకే తెల్వాలె."

తీసి అవతల పారెయ్యడానికి చెయ్యి చాచాను. నేను దయ్యాలకు భయపడను. కానీ నా చెయ్యి ఆగిపోయింది. ఆ దండకు అర్థం నాకు ఇప్పుడు తెలుసు. ఈ పని మీద ఒక మనిషి బతుకు ఆధారపడి ఉంది, అడగకుండా ముట్టుకోకు అని. ఒకసారి అడగకుండా తీసినవాణ్ణి. రెండోసారి ఎట్లా తీస్తాను?

మధ్యాహ్నం దాకా నిలబడే పనిచేశాను. కొత్త కనెక్షన్ కోసం దరఖాస్తు తెచ్చిన ఒక రైతు నన్ను కిందికీ పైకీ చూసి, గొంతు తగ్గించి, "మొలలా సారు? భీమ్‌గల్ దిక్కు ఒకాయన ఆకుమందు ఇస్తడు, మూడు దినాలల్ల కూసుంటరు" అన్నాడు. గంగామణి చీర చెంగు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తింది. లైన్‌మన్లు ఒక్కొక్కరే ఏదో పని కల్పించుకుని లోపలికి వచ్చి, నన్ను, కుర్చీని చూసి, చాలా గంభీరంగా బయటికి వెళ్లారు. వసారాలోంచి నవ్వులు వినపడుతూనే ఉన్నాయి. లింగన్న ఒక్కడే రాలేదు. తర్వాత తెలిసింది, కుర్చీ సంగతి ఆయనకు తెలియదని. అదంతా గంగామణి పని. ఇక ఆ ఆఫీసులో మాట చెల్లే వరుసలో నేను మూడో స్థానంలో కూడా లేనని అర్థమైంది.

భోజనాల వేళకు నాలుగు పేజీలు చించేశాను. కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని, నిలబడే, అరపేజీ రాశాను.

"హ్యాండిల్ దించి ఉండటం నాకు కనపడింది. లైను మీద మనిషి ఉన్నాడా అని నేను అడగలేదు. అతను రక్షణ కోసం కట్టుకున్న గుర్తును రైతుల ఎదుట నేను తీసి కాలువలో వేశాను. అది చూసి, నా మాట నమ్మి, రైతు హ్యాండిల్ ఎత్తాడు. ఎర్ర బోర్డులు నిలవడం లేదని నాకు తెలియకపోవడం కూడా నా తప్పే. నేను ఎన్నడూ అడగలేదు."

సంతకం పెట్టాను. గంగామణి ఏడో తరగతి దాకా చదివింది. కాగితం తీసుకుని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివింది. చదివి, దండ విప్పింది.

"ఇగ కూసోండ్రి" అంది.

కూర్చున్నాను. నా జీవితంలో కుర్చీ అంత సుఖంగా ఎన్నడూ లేదు.

మా పై అధికారి ఆ కాగితం చూసి తల పట్టుకున్నారు. "మీకు తెలివి లేదా?" అన్నారు.

"ఉంది సార్. అందుకే రెండు రోజులు ఆలస్యమైంది."

"ఇది పైకి పోతె నేను ఆపలేను."

"ఆపకండి."

అది పైకి వెళ్లింది. నా సర్వీసు రికార్డులో మందలింపు ఎక్కింది. బోర్డు పెట్టనందుకు లింగన్నకు ఒక హెచ్చరిక వచ్చింది. సస్పెన్షన్ రాలేదు.

ఎవరు చెబితే విన్నారు

మిగిలింది ఆ స్విచ్. మళ్లీ నిమ్మకాయ కట్టడం నాకు ఇష్టం లేదు, లింగన్నకూ ఇష్టం లేదు. రైతులతో మాట్లాడదామన్నాను. "మీరు మాట్లాడకుండ్రి సారు, మీరు మాట్లాడితె వాళ్లు చప్పట్లు గొడ్తరు" అన్నాడు లింగన్న. కాలువ గట్టు మీద ఆయనే మాట్లాడాడు. మొదటి వాక్యంలోనే నిమ్మకాయ ఉత్తదని చెప్పేశాడు.

సాయిరెడ్డికి కోపమొచ్చింది. "అంటె ఇన్నేండ్లు మమ్ముల ఎర్రోళ్లను జేసినవా లింగన్నా?"

"జేసిన సాయన్నా. తప్పే. గని మీరు బోర్డు ఎత్కపోతుంటిరి. నేను పైన ఉంటుంటి. కింద మీరు గిది ఎత్తితె పైన నేను బొగ్గైత. గిది మీకు నేను ఎన్నడు సక్కగ జెప్పలె. ఇయ్యాల జెప్తున్న."

అంత సూటి మాట వాళ్లకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. మా శాఖ బోర్డులు ఇచ్చింది, తాళాలు ఇచ్చింది, నేను ఉపన్యాసం ఇచ్చాను. ఆ హ్యాండిల్‌కూ పైన ఉన్న మనిషికీ సంబంధం ఏమిటో కూర్చోబెట్టి చెప్పినవాడు లేడు.

ఆ తర్వాత ఆ పాయ మీద పని ఉన్న ప్రతిసారీ స్విచ్ కింద ఒక రైతు కాపలా కూర్చున్నాడు. ఎక్కువసార్లు సాయిరెడ్డే. గొడుగు, రేడియో, చద్దిమూటతో వచ్చేవాడు. చాయ్‌కి కూడా లేచేవాడు కాదు. ఒకసారి నేను దగ్గరికి వెళ్లబోతే గొడుగు అడ్డం పెట్టాడు. "లింగన్న దిగినంకనె రాండ్రి సారు. మీ మీద భరోసా లేదు" అన్నాడు. నేను నాలుగడుగుల దూరంలోనే ఆగాను. కోళ్లగూడు తలుపుగా ఉన్న బోర్డు కూడా తిరిగి వచ్చింది. ఒకవైపు అక్షరాలు, రెండోవైపు కోళ్ల రెట్ట. గంగామణి కడిగింది.

లింగన్న తన రెండేళ్లూ స్తంభాలు ఎక్కి, అనుకున్న రోజున రిటైరయ్యాడు.

ఇక మీతో ఒక మాట. ఉద్యోగంలో చేరి ఏడాదో రెండేళ్లో అయిన మీ బల్ల మీద కూడా ఒక కాగితం ఉంటుంది. తప్పు మీది. సంజాయిషీ మీ కింద పనిచేసే మనిషిది. ఆ కాగితం ఏదో ఈ వాక్యం చదువుతుండగానే మీకు గుర్తొచ్చి ఉంటుంది. లేవండి. ఆ ఫైలు తియ్యండి. అందులో ఆ మనిషి పేరున్న చోట మీ పేరు రాయండి, సంతకం పెట్టండి, ఆ మనిషిని పిలిచి కూర్చోబెట్టి గట్టిగా చదివి వినిపించండి. రేపు కాదు. ఇవాళ, ఆఫీసు మూసేలోపల.